పక్క చేను గింజ నా చేలో ఎందుకు పొట్టిదైంది?

మెట్ట కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జామాయిల్ (యూకలిప్టస్) మీదే ఉన్నాయి. వానలు పడగానే మొక్క నాటాలనుకునేవాళ్లు ఇప్పుడే నర్సరీల చుట్టూ తిరుగుతుంటారు కదా, అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. మామిడి తేనెమంచు పురుగు గురించి రాసినవాళ్లు వచ్చే నెలదాకా ఓపిక పట్టాలి. కొత్త పాఠకులకి నా సంగతి ఒక ముక్కలో చెబుతాను. ఇరవై రెండేళ్లు క్లోన్ మొక్కల నర్సరీలో పనిచేసి, ఇప్పుడు రాజాం దగ్గర రెండున్నర ఎకరాల గరువులో చెట్లు పెంచుకుంటున్నాను. 2022లో మా రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. చిరునామాలో ఒక మాట మారింది, నా గరువులో రాళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

మెరకముడిదాం మండలం నుంచి ఒక రైతు: మాస్టారూ, మా పక్క చేను వాళ్లు ఐదేళ్ల కిందట క్లోన్ జామాయిల్ వేశారు. కర్రలన్నీ అచ్చు పోసినట్టు నిటారుగా ఉన్నాయి. మొక్కలకి డబ్బులు తగలెయ్యడం ఎందుకని, వాటి కాయలే ఏరి గింజ తీసి నారు పోసుకున్నాను. ఎకరంన్నరలో నాటాను. రెండేళ్లయింది. కొన్ని నాలుగు నిలువుల ఎత్తు లేచాయి, కొన్ని నా నడుం దాటలేదు, కొన్ని వంకర తిరిగాయి. ఎరువు వేశాను, కలుపు తీశాను. లోపం నేలలో ఉందా, గింజలో ఉందా? ఇప్పుడు ఏటి చెయ్యమంటారు?

జవాబు: లోపం గింజలోనే ఉంది తమ్ముడూ. నేలని తిట్టుకోకండి. నడుం దాటని మొక్క పక్కనే నాలుగు నిలువుల చెట్టు లేచిందంటే ఆ నేల రెండింటికీ ఒకటే కదా.

మన జిల్లాలో సువర్ణరేఖ టెంక నాటి సువర్ణరేఖ కాస్తుందని ఎవరూ ఆశపడరు. అంటు కట్టాల్సిందేనని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మరి జామాయిల్ దగ్గరకొచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుందో! కాయ చిన్నది, గింజ ఆవగింజ కన్నా చిన్నది. ఒక గ్రాములో వందల గింజలు వస్తాయి కాబట్టి ఊరికే దొరికిన సొత్తులా కనిపిస్తుంది.

పక్క చేలో వెయ్యి చెట్లున్నాయని మీరు లెక్కేసుకుంటున్నారు. అవి నరకడానికి వెయ్యి చెట్లు, పుట్టుకకి మాత్రం ఒకే చెట్టు. ఎక్కడో ఒక మంచి చెట్టుని ఎంచి, దాని మోడు మీద వచ్చిన పిలకల్ని ముక్కలు చేసి వేరు పోయించి పంచారు. దాన్నే మనం క్లోన్ అంటున్నాం. వెయ్యి చెట్లలోనూ ఒకే రక్తం అనుకోండి.

ఇప్పుడు పువ్వు సంగతి చూద్దాం. జామాయిల్ మొగ్గకి చిన్న టోపీ ఉంటుంది, అది ఊడిపడితే లోపలి కేసరాలు తెల్లని కుచ్చులా విచ్చుకుంటాయి. పుప్పొడి ముందు రాలుతుంది, అదే పువ్వులో కీలాగ్రం కొన్ని రోజుల తర్వాత గానీ సిద్ధం కాదు. తన పుప్పొడి తనకే అంటకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటు ఇది. అయితే చెట్టంతా ఒకేసారి పూయదు. ఒక కొమ్మన పుప్పొడి రాలుతుంటే ఇంకో కొమ్మన కీలాగ్రం ఎదురుచూస్తుంటుంది, మధ్యలో తేనెటీగ తిరుగుతుంది. అడవిలోనైతే ఆ ఈగ వేరే చెట్టు పుప్పొడి కూడా మోసుకొస్తుంది కాబట్టి గింజల్లో ఎక్కువ భాగం పరాయి సంబంధమే అవుతుంది. ఒకే క్లోన్ వేసిన చేలో ఈగ ఎన్ని వరసలు దాటినా పరాయి చెట్టు ఎక్కడ దొరుకుతుంది?

మనవైపు మేనరికాలు ఎక్కువ. పిల్లల్లో ఏదన్నా లోపం వస్తే డాక్టరు ముందు అడిగేది అదే. ఇద్దరిలోనూ చాటుగా ఉన్న ఒకే లోపం బిడ్డలో జత కట్టి బయటపడుతుందని ఆయన భయం. మీ గింజల్లో జరిగింది మేనరికం కంటే దగ్గరి సంబంధం, తనతో తనకే పెళ్లి. జామాయిల్ ఇలాంటి దాన్ని అస్సలు తట్టుకోదు. కొన్ని గింజలు మొలకెత్తవు, మొలిచినవి గిడసబారతాయి, గట్టివాటి నీడలో పడి కొన్ని చచ్చిపోతాయి. మీ చేలో నాలుగు నిలువులు లేచిన చెట్లు బహుశా దూరపు తోట నుంచి వచ్చిన పుప్పొడి బిడ్డలై ఉంటాయి.

అవైనా పక్క చేను చెట్లలా ఉండవు. మన దేశంలో ఏళ్ల తరబడి మైసూర్ గమ్ అని వేసిందే ఒక కలగాపులగం. అందులో ఎక్కువ పాలు టెరెటికార్నిస్ జాతిది, మిగిలినది అవీ ఇవీ కలిసింది. ఇలాంటి సంకరం చెట్టు పేకలో బాగా కలిసొచ్చిన చెయ్యి లాంటిది. క్లోన్ చేస్తే ఆ చెయ్యి అలాగే ఉంటుంది. గింజ కట్టిందంటే ముక్కలు మళ్లీ కలిపి పంచినట్టే, అదే ఆట రెండోసారి రాదు.

గోదావరి ఒడ్డున భద్రాచలం దగ్గరి పేపర్‌బోర్డు మిల్లు 1989లో క్లోన్ల పని మొదలుపెట్టడానికి కారణం కూడా ఇదే. అప్పటిదాకా గింజ మొక్కలతో హెక్టారుకి ఏడాదికి ఆరు నుంచి పది ఘనమీటర్ల కర్ర వచ్చేది. మంచి క్లోన్లతో, మంచి నేలలో, అది సగటున ఇరవై నుంచి ఇరవై ఐదుకి వెళ్లింది. తోటల్లో తిరిగి నిటారు చెట్లని, రోగం లేని చెట్లని ఎంచి, నరికి, పిలకలు తీసి, వాటిని పక్కపక్కన నాటి మళ్లీ ఎంచారు. ఆ ఎంపికకి ఏళ్లు పట్టింది. మొక్కకి మీరు కట్టే డబ్బులో ఎక్కువ భాగం దానికే.

ఇక ఏం చెయ్యాలో చెబుతాను. నడుం దాటని వాటిని, వంకర వాటిని ఇప్పుడే తీసెయ్యండి. ఆ ఖాళీల్లో కొత్త మొక్క పెట్టకండి, పెద్దవాటి నీడలో అది బతకదు. మిగిలినవి ఎదిగాక సెంట్రింగ్ కర్రలకి పోతాయి. నరికిన తర్వాత మాత్రం మోళ్లని పెకలించాల్సిందే. పిలకలొస్తున్నాయి కదా అని ఉంచుకున్నారో, మోడులో ఉన్న గుణమే పిలకలోనూ వచ్చి ఇంకో నాలుగేళ్లు ఇదే ఉత్తరం రాస్తారు నాకు.

లావేరు నుంచి ఒక పాఠకుడు: గురువుగారూ, క్లోన్ అంటే కొమ్మ పాతడమే కదా అని, ఎనిమిదేళ్ల జామాయిల్ చెట్టు కొమ్మలు రెండు వందల ముక్కలు కోసి ఇసకలో పాతాను. రోజూ నీళ్లు పోశాను. ఒక్కటీ నాటుకోలేదు. మునగ కొమ్మ ఎక్కడ పాతినా వస్తుంది, ఇదెందుకు రాదు?

జవాబు: మీ ఓపికకి దండం. మొదట్లో మేం కూడా ఇలాగే వందల ముక్కలు ఎండబెట్టుకున్నాం.

జామాయిల్ చెట్టుకి వయసు పైన ఉంటుంది, పసితనం కింద ఉంటుంది. పైకొమ్మ ముదిరిన కొమ్మ. పూత పూస్తుంది, కాయ కాస్తుంది, వేరు పొయ్యమంటే మాత్రం పొయ్యదు. నేలకి జానెడు ఎత్తులో ఉన్న భాగం ఇంకా లేతదే. అందుకే మంచి చెట్టుని ముందు నరకాలి. ఎంత ముద్దొచ్చే చెట్టయినా గొడ్డలి పెట్టాల్సిందే. నెలన్నర, రెండు నెలల్లో మోడు చుట్టూ పిలకలు గుబురుగా వస్తాయి. వాటి ఆకులు చూడండి, పై ఆకుల్లా కొడవలి ఆకారంలో ఉండవు. గుండ్రంగా, వెడల్పుగా, మొలక ఆకుల్లాగే ఉంటాయి. మోడు దగ్గర చెట్టు మళ్లీ చిన్నపిల్లయిందని ఆ ఆకులే చెబుతాయి.

ఆ పిలకని రెండాకులుండే ముక్కలుగా కత్తిరిస్తాం. ఒక్కో ఆకుని సగానికి కోసేస్తాం, లేకపోతే వేరు రాకముందే ఆకులోంచి నీళ్లన్నీ ఆవిరైపోతాయి. కింది కొసని ఐబీఏ అనే హార్మోన్ పొడిలో అద్ది, వెర్మిక్యులైట్ (తేలికపాటి ఖనిజపు పలుకులు) నింపిన, ప్లాస్టిక్ గొట్టంలాంటి రూట్ ట్రైనర్‌లో గుచ్చి, మంచు తుంపరలా నీళ్లు పడే పాలిథిన్ గదిలో పెడతాం. ఆ గదిలోకి వెళ్తే కళ్లజోడు మసకబారి దారి కనిపించేది కాదు. నెల రోజులకి కింది కన్నంలోంచి తెల్లని వేరు కొస తొంగిచూస్తుంది. అప్పుడు నీడలోకి, తర్వాత ఎండలోకి మార్చాలి. ఇంట్లో ఇసక కుప్ప మీద చెయ్యగలిగిన పని కాదు, కొనుక్కోండి.

కొనేటప్పుడు పేరు అడగండి. ఇది నా తప్పు నుంచి చెబుతున్న మాట. ఒక జూన్‌లో రెండు క్లోన్ల ట్రేలు పక్కపక్కన పెట్టి, నంబర్లు కాగితం ముక్కల మీద పెన్నుతో రాసి గుచ్చాం. రాత్రి గాలివాన వచ్చింది. తెల్లారి చూస్తే కాగితాల మీద నీలం మరకలే మిగిలాయి. ఆ వయసులో మొక్కలన్నీ కవలపిల్లల్లా ఉంటాయి. రెండూ మంచివే కదా అనుకుని లారీ ఎక్కించేశాను. మూడేళ్లకి గంట్యాడ వైపు నుంచి ఒక రైతు కబురు పంపితే వెళ్లాను. కొన్ని చెట్లకి బెరడు నున్నగా, పాలలా తెల్లగా ఉండి పైపొర రేకులు రేకులుగా ఊడుతోంది. వాటి మధ్యలో అక్కడక్కడా గరుకు బెరడు చెట్లు, మొదలు నుంచి నడుం ఎత్తు దాకా బూడిద రంగు పొక్కులతో, వెడల్పు ఆకులతో ఉన్నాయి. తెల్లవి పైకి పోయి గరుకువాటిని నీడలో తొక్కేశాయి. అవే గరుకువాటిని విడిగా ఒక చెక్కలో, అంటే వేరే నేల ముక్కలో వేసి ఉంటే బాగానే ఎదిగేవి. ఏదో సర్దిచెప్పబోయాను. “కాగితం తడిసిపోయిందని నువ్వు చెప్పక్కర్లేదు బాబూ, చెట్లే చెప్తున్నాయి” అన్నాడాయన. టీ ఇచ్చి పంపించాడు. మర్నాటి నుంచి రేకు ముక్క మీద మేకుతో నంబరు గీసి కట్టడం మొదలుపెట్టాం.

పలాస నుంచి ఒక రైతు: అయ్యా, కొమ్మ ముక్క నుంచి వచ్చిన మొక్కకి తల్లివేరు ఉండదంటారు. తిత్లీ తుపానులో మా కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో చూశాం. క్లోన్ జామాయిల్ గాలికి నిలుస్తుందా?

జవాబు: 2018 అక్టోబరు 11 మీరు మర్చిపోయే రోజు కాదు. ఆ గాలికి నిలిచే చెట్టు ఇదీ అని నేను హామీ ఇవ్వలేను. క్లోన్‌కి గింజమొక్కలా ఒకే తల్లివేరు ఉండదనేది నిజమే. కానీ మొదట్లో వచ్చిన మూడు నాలుగు వేర్లలోంచి కిందికి దిగే వేర్లు పుడతాయి, లోతు నేల దొరికితే బాగా దిగుతాయి. నేను ఎక్కువ చూసింది వేరే జబ్బు. పాలిథిన్ సంచిలో నెలల తరబడి ఉండిపోయిన మొక్కకి వేరు సంచి అడుగున చుట్టలు చుట్టుకుపోతుంది. నాటాక కూడా ఆ చుట్ట విప్పుకోదు. మూడేళ్ల తర్వాత మామూలు గాలికే చెట్టు ఒరుగుతుంది. పెకలించి చూస్తే మొదట్లో పాములు చుట్టుకున్నట్టు ఉంటుంది. రూట్ ట్రైనర్ లోపలి గోడలకి నిలువు గాట్లు పెట్టింది వేరుని చుట్ట తిరగనివ్వకుండా కిందికి నడిపించడానికే. అయినా మీ ఉద్దానం ఇసక నేలలో సముద్రం వైపు జామాయిల్ కన్నా సరుగుడే నయం.

తెర్లాం నుంచి ఒక పాఠకురాలు: మాస్టారూ, ఏడాది మొక్కల ఆకుల ఈనెల మీద, కాడల మీద శనగగింజల్లా బుడిపెలు వచ్చాయి. కొన్ని గులాబీ రంగులో ఉన్నాయి. చిగుర్లు ముడుచుకుపోతున్నాయి. టెన్షన్‌గా ఉంది, ఏ మందు కొట్టాలి?

జవాబు: అమ్మా, అది ఒక బుల్లి కందిరీగ పని. మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర పొడుగుంటుంది, నల్లగా, కాస్త నీలి మెరుపుతో. ఈనెలో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపల కూర్చుని తింటుంటే ఆకు దాని చుట్టూ ఇల్లు కట్టినట్టు ఉబ్బుతుంది. బుడిపె ముందు ఆకుపచ్చగా, తర్వాత గులాబీగా, చివరికి గోధుమ రంగులోకి మారుతుంది. అప్పుడు సూది బెజ్జమంత కన్నం కనిపిస్తే పురుగు ఎగిరిపోయిందని అర్థం. ఆస్ట్రేలియా పురుగే, చెట్టు వెనకాలే ఊళ్లు తిరుగుతూ వచ్చింది. దక్షిణ భారతదేశంలో 2001లో కనిపించింది. 2004లో గానీ శాస్త్రవేత్తలు దానికి లెప్టోసైబి ఇన్వేసా అని పేరు పెట్టలేదు. చిత్రమేమిటంటే ఇందులో మగవి చాలా అరుదు, ఆడది ఒక్కతే పిల్లల్ని కనేస్తుంది. ఒక రకంగా అది కూడా క్లోనే.

మా నర్సరీలో అది దిగిన ఏడాది నాకు బాగా గుర్తు. గిరాకీ ఎక్కువున్న ఒకే క్లోన్‌తో నాలుగు షెడ్లు నింపేశాం. మూడు నెలల్లో ఒక్క చిగురు మిగల్లేదు. పక్కన ఎవరూ అడగడం లేదని మూలకి నెట్టేసిన వేరే నంబరు ట్రేలు మాత్రం ఏమీ పట్టనట్టు పచ్చగా నిలబడ్డాయి. కొన్ని క్లోన్లలో ఈ పురుగుని తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. అందుకే నాలుగెకరాలుంటే మూడు నాలుగు రకాల క్లోన్లని చెక్కలుగా వెయ్యమంటాను. వరసకొకటి కలిపి కాదు, గంట్యాడ కథ పైన చెప్పాను కదా. ఒక చెక్క పోయినా మిగిలినవి నిలుస్తాయి.

మందు దగ్గరకొస్తే, పురుగు బుడిపె లోపల ఉంది కాబట్టి పైన కొట్టింది దానికి తగలదు. చేలో కొట్టి డబ్బు పారబోసుకోకండి. ఈ కందిరీగ పిల్లల్ని తినే ఇంకో చిన్న కందిరీగలు కూడా ఉన్నాయి, మీ మందుకి ముందు చచ్చేవి అవే. బాగా ముడుచుకున్న చిగుర్లని కత్తిరించి కాల్చెయ్యండి. నీరు, కలుపు సంగతి చూసుకోండి. సగం పైగా మొక్కలు ఎదగడం మానేస్తే మాత్రం వచ్చే వానాకాలం రకం మార్చడమే దారి.

రణస్థలం నుంచి ఒక రైతు: ఒకప్పుడు గోగు వేసేవాళ్లం. నార ఊరేసే నీళ్లు లేవు, కూలీలు లేరు. నేను జామాయిల్‌కి మారదామంటే మా అన్నయ్య ఒప్పుకోవడం లేదు. బోరు ఎండిపోతుంది అంటాడు. నిజమేనా?

జవాబు: మీ అన్నయ్య మాట తీసిపారెయ్యకండి. ఈ చెట్టు గాలిలోంచి కర్ర తయారుచెయ్యదు. తొందరగా పెరిగే ఏ చెట్టయినా ఆ పెరుగుదలకి తగ్గట్టు నీళ్లు తాగాల్సిందే, మంచి క్లోన్ ఇంకొంచెం ఎక్కువ తాగుతుంది. 1990ల్లో కర్ణాటకలో కొలిచి చూశారు. లోతు తక్కువ నేలల్లో ఇది తాగింది పడిన వాన మేరకే, పక్కనున్న ఆకురాల్చే అడవితో దాదాపు సమానం. బెంగళూరు దగ్గర హోస్కోటెలో లోతైన నేలలో మాత్రం వేళ్లు ఏడాదికేడాది కిందికి దిగి, పడిన వాన కంటే ఎక్కువ తాగేశాయి. నేలలో దాచిన పాత తడిని తోడుకున్నాయన్నమాట. 2017లో ఆ రాష్ట్రం కొత్త తోటలే వెయ్యొద్దంది.

మన రెండు జిల్లాల్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది, హోస్కోటె వైపు కన్నా నయం. అలాగని బోరు పక్కన, చెరువు గట్టు మీద, వరి పల్లానికి ఆనుకుని వెయ్యకండి. గట్టు వారన వేస్తే అవతలి చేనువాడి వరి నాలుగైదు వరసలు ఎర్రబడతాయి, తర్వాత పంచాయితీ. చోడి కూడా సరిగా పండని గరువు ఉంటే అక్కడ వెయ్యండి, మొదటి ఏడాది వరసల మధ్య ఉలవలో నువ్వులో చల్లుకోండి. తిండి పండే నేల మీకుంటే దాన్ని దీనికి ఇవ్వడం నాకిష్టం లేదు. నర్సరీలో జీతం తీసుకున్న రోజుల్లో కూడా ఈ మాటే అన్నాను, చీవాట్లూ తిన్నాను.

విజయనగరం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని: సార్, యూకలిప్టస్ జన్యుపటం పూర్తయిందని మా క్లాసులో చెప్పారు. దాని వల్ల రైతుకి ఏమన్నా ఒరిగిందా?

జవాబు: తల్లీ, ఆ పని 2014లో నేచర్ పత్రికలో వచ్చింది. గ్రాండిస్ అనే జాతి, పదకొండు జతల క్రోమోజోములు, ముప్పై ఆరు వేల పైచిలుకు జన్యువులు. ఆకు నలిపితే వచ్చే ఆ వాసన నూనెలు తయారుచేసే జన్యువులు అప్పటిదాకా చదివిన ఏ మొక్కలోనూ అన్ని లేవట. మా అమ్మకి జలుబు చేస్తే ఆ ఆకు మరిగించి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టేది, పాపం ఆవిడకి ఈ లెక్క తెలీదు. జామ, నేరేడు, లవంగం ఇదే కుటుంబం. జామాకు కూడా నలిపి చూడు.

నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. వాళ్లు చదివింది బ్రెజిల్‌లో తనతో తనకే గింజ కట్టించిన ఒక చెట్టుని. అలాంటి బిడ్డల్లో జతలోని రెండు జన్యువులూ వేరువేరుగా ఉండే చోట్లు సగానికి పడిపోవాలి. బతికి నిలబడ్డ మొక్కల్లో చూస్తే అంతకన్నా ఎక్కువే మిగిలి ఉన్నాయి. అంటే రెండూ ఒకటైపోయిన మొక్కల్లో చాలా వరకు ముందే చచ్చిపోయాయన్నమాట. మెరకముడిదాం రైతు చేలో జరిగింది కూడా అదే.

రైతుకి ఒరిగేది నిదానంగా వస్తుంది. చెట్టు ఎత్తు, లావు తల్లిదండ్రుల నుంచి బిడ్డకి అంత నమ్మకంగా దిగవు, కర్ర చిక్కదనం మెరుగ్గా దిగుతుంది. నాలుగేళ్లు ఆగి చూడాల్సిన గుణాన్ని మొలక ఆకులోనే చదివే ప్రయత్నం ఇప్పుడు నడుస్తోంది. అయితే బ్రెజిల్‌వాళ్లు జన్యుపటం కోసం కూర్చోలేదు. 1970ల్లో అరాక్రూజ్ అనే కంపెనీ తోటల్లో బెరడు పుండు రోగం వచ్చి చెట్లు పోతుంటే, తట్టుకున్నవాటిని వెతికి, మోడు పిలకలతో క్లోన్లు చేశారు. అందులో చాలావరకు గ్రాండిస్‌కీ యూరోఫిల్లాకీ పుట్టిన సంకరాలే. ఆ పనికి 1984లో నలుగురికి మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి వచ్చింది.

సంతకవిటి నుంచి ఒక రైతు: నాలుగేళ్లు నిండాయి. దళారీ కొట్టెయ్యమంటున్నాడు. ఇంకో ఏడు ఆగితే లాభమా? చెట్టులో ఎంత కర్ర ఉందో మాకు మేం తెలుసుకునే దారి ఉందా?

జవాబు: ఉంది, దర్జీ టేపు చాలు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే ఛాతీ దగ్గర, చుట్టుకొలత తీసుకోండి. చేలో నాలుగు మూలలా, మధ్యలో కలిపి ఒక యాభై చెట్లకి సున్నంతో గుర్తు పెట్టి ఏటా వాటినే కొలవండి. లావుగా ఉన్నవాటినే ఏరుకోకండి, అందరం చేసే మోసం అదే.

పడేసిన దుంగకి పాత పద్ధతి ఇంకోటుంది. మధ్యలో చుట్టుకొలత తీసి నాలుగుతో భాగించండి, వచ్చినదాన్ని దానితోనే గుణించి పొడుగుతో గుణించండి. నలభై సెంటీమీటర్ల చుట్టు, పది మీటర్ల పొడుగు ఉంటే పది ఇంటూ పది ఇంటూ వెయ్యి, లక్ష ఘన సెంటీమీటర్లు. అంటే వంద లీటర్లు. ఈ లెక్క అసలు ఘనానికి ఐదో వంతు తక్కువే చూపిస్తుంది, కొనేవాళ్లు కనిపెట్టిన లెక్క కదా మరి. అదే చెట్టు చుట్టుకొలత పదిశాతం పెరిగితే కర్ర పదిశాతం కాదు, ఇరవై ఒక్క శాతం పెరుగుతుంది. చివరి ఏడాది తొందరపడొద్దని చెప్పేది ఇందుకే.

ఆగాలా వద్దా అన్నది ఇలా చూసుకోండి. లెక్క కోసం మీ ఎకరంలో మూడో ఏటికి 24 టన్నులు, నాలుగుకి 38, ఐదుకి 48, ఆరుకి 55 ఉన్నాయనుకుందాం. నాలుగో ఏట సగటు తొమ్మిదిన్నర, కొత్తగా చేరింది 14. ఐదో ఏట సగటు 9.6, చేరింది 10. ఆరో ఏట చేరింది ఏడే, సగటు 9.2కి దిగింది. ఒక ఏడాదిలో చేరింది సగటు కంటే తగ్గిందంటే చెట్టు కూర్చుని తింటోందన్నమాట, అంతకు ముందే కొట్టెయ్యాలి. ఈ లెక్కలో ఐదు మంచిది. మీ చేలో ఎప్పుడో మీ టేపే చెబుతుంది, దళారీ చెప్పడు. అప్పు మీద వడ్డీ నడుస్తుంటే ఆ లెక్క వేరు, దాన్ని ముందు తీర్చుకోండి.

కొట్టేటప్పుడు రంపంతో, నేలకి జానెడు లోపు, వాన నీళ్లు జారేలా ఏటవాలుగా కొట్టించండి. గొడ్డలితో బెరడు చీలిపోతే పిలకలు ఊడిపోతాయి. మూడు నాలుగు నెలలకి మోడుకి ఒకటో రెండో గట్టి పిలకలు ఉంచి మిగిలినవి తీసెయ్యండి. తూకం సంగతి ఇంకోటి, పచ్చి కర్రలో సగం నీళ్లే. మా కర్ర లారీ ఒకసారి కాటా దగ్గర నాలుగు రోజులు ఎండలో నిలబడింది. బరువు ఎంత తగ్గిందో రాస్తే మా ఇంటావిడ మళ్లీ మొదలుపెడుతుంది. లోడు దించే తేదీ ఖాయం అయ్యాకే నరకండి.

గుర్ల, జి.సిగడాం, బొబ్బిలి నుంచి ముగ్గురు ఒకే మాట అడిగారు: ఏ నంబరు క్లోన్ వెయ్యాలి?

జవాబు: 3, 7, 10, 316, 411, 413, 526 అని నంబర్లు మీరే వినే ఉంటారు. కోయంబత్తూరులోని అటవీ పరిశోధన సంస్థవాళ్ల రకాలూ ఉన్నాయి. ఎర్ర గరపలో దుమ్ము లేపిన క్లోన్ సున్నపు నేలలో పసుపు తిరిగి కూర్చోవడం చూశాను. గుర్లలో గెలిచింది జి.సిగడాంలో గెలుస్తుందని చెప్పడం నావల్ల కాదు. పెద్ద ఎత్తున వేసే ముందు నాలుగు నంబర్లు, ఒక్కోటీ పాతిక మొక్కలు, మూడు మీటర్లు ఇంటూ రెండు మీటర్ల దూరంతో మీ చేలోనే పక్కపక్క చెక్కల్లో పెట్టుకోండి. ఆ దూరానికి ఎకరంలో సుమారు 670 మొక్కలు పడతాయి, కాబట్టి ఈ వంద మొక్కలకి పదిహేను సెంట్లు చాలు. రెండో ఏడు నిండాక కొలతలు రాసి నాకు పంపండి. టేపు ఛాతీ ఎత్తున పెట్టండి. పోయినసారి ఒకాయన బొడ్డు ఎత్తున కొలిచి, నా చెట్లు అందరికన్నా లావు అని ఉత్తరం రాశాడు.